ఖాళీగా మిగిలిన కుడి పేజీ

(స్మారకోపన్యాస పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ పెద్దాయన పేరు పత్రికలో ఏనాడూ అచ్చు కాలేదు. జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్ పని అలాంటిది. రాత్రి స్ట్రింగర్లు పంపిన వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీలు వదిలి, తెల్లవారుజామున మొదటి బస్సెక్కి ఇంటికి చేరిన మనిషి ఆయన. ఆయన సొరుగులో అట్ట ఊడిన పొడుగాటి లెడ్జరు ఒకటి ఉండేది. రోడ్డు ప్రమాద వార్త తన చేతి మీదుగా వెళ్లిన ప్రతిసారీ అందులో ఎడమ పేజీ మీద తేదీ, ఊరు, మృతుల సంఖ్య, తాను పెట్టిన శీర్షిక రాసుకునేవారు. కుడి పేజీ ఆ కేసు ఏమైందో రాయడానికి. ఛార్జిషీటు వేశారా, కోర్టు ఏం చెప్పింది, డ్రైవర్‌కు శిక్ష పడిందా, కేసు కొట్టేశారా? ఆయన రిటైరయ్యే నాటికి ఎడమ పేజీలన్నీ నిండాయి. కుడి పేజీల్లో చాలావరకు తెల్లగానే ఉండిపోయాయి. కోర్టులు తీర్పులిస్తూనే ఉన్నాయి. ఆ తీర్పు ఏమిటని అడిగినవాళ్లు లేరు, రాసి పంపినవాళ్లు లేరు.

ఈ సాయంత్రం మాట్లాడుకోవలసింది ఆ కుడి పేజీ గురించే.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు ట్రావెల్స్ స్లీపర్ బస్సు కర్నూలు శివార్లలో చిన్నటేకూరు దగ్గర తగలబడిపోయింది. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైకు మీద వచ్చిన యువకుడూ చనిపోయాడు. తెల్లారేసరికి టీవీల్లో ఒక కథ తయారైంది: వేగంగా వచ్చిన బస్సు బైకును ఢీకొట్టింది, బైకు బస్సు కింద ఇరుక్కుంది, నిప్పు రేగింది. అప్పటికి దోషి బస్సు డ్రైవర్. ఒకటి రెండు రోజుల్లో కథ మారింది. బైకు వెనక కూర్చున్న స్నేహితుడు బతికే ఉన్నాడని తెలిసింది. బస్సు రాకముందే బైకు జారి డివైడర్‌ను కొట్టుకుందని, నడిపిన కుర్రాడు అక్కడికక్కడే పోయాడని, రోడ్డు మీద పడి ఉన్న బైకు మీదికి బస్సు వచ్చిందని పోలీసులు చెప్పారు. కుర్రాడు మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందన్నారు. అప్పుడు దోషి బైకు కుర్రాడు. ఆ తర్వాత లగేజీ అరలో ఉన్న సెల్‌ఫోన్ల పార్సిల్, సీటర్‌ను స్లీపర్‌గా మార్చిన తీరు, ఎక్కడో దూరప్రాంతంలో చేయించిన రిజిస్ట్రేషన్, ఒక్కొక్కటే బయటపడుతూ వచ్చాయి. ఇప్పుడు దోషి యజమాని. ఆ పైన, అనుమతులిచ్చిన అధికారులు.

వారం తిరక్కుండా దోషిని చూపే వేలు ఇన్నిసార్లు పక్కకు జరిగింది. ఒక్కో కథలో కొంత నిజం ఉంది. బస్సు కింద బైకు ఉన్నమాట నిజం, మద్యం మాట పరీక్ష చెప్పింది, బస్సు మార్పులు కంటికి కనబడేవే. కాని చెప్పిన ప్రతిసారీ ఇదే అసలు కారణం అన్నట్టు చెప్పారు. మొదటిరోజు టీవీ చూసి కట్టేసినవాళ్లకు డ్రైవరే హంతకుడు. మూడోరోజు చూసినవాళ్లకు చనిపోయిన కుర్రాడే హంతకుడు. ఆ కుర్రాడి ఇంట్లోనూ ఒక శవపేటిక ఉందన్న సంగతి, వీధుల్లోనూ ఫోన్లలోనూ అతణ్ణి శాపనార్థాలు పెట్టినవాళ్లకు పట్టలేదు.

తెలుగు పత్రికల్లో ప్రమాదవార్తకు ఏళ్ల తరబడి అరిగిపోయిన ఒక భాష ఉంది. లారీ ‘మృత్యుశకటం’ అవుతుంది. రహదారి ‘రక్తమోడుతుంది’. డ్రైవర్ నిర్లక్ష్యం ‘నిండు ప్రాణాలను బలిగొంటుంది’. డ్రైవర్ కనబడకపోతే ‘పరారీ’. జనం చేతికి చిక్కితే ‘దేహశుద్ధి’. పదిమంది కలిసి ఒకణ్ణి రోడ్డు మీద కొట్టడానికి శుద్ధి అనే మాట ఎలా అతికిందో ఆలోచించాలి. ఆ మాట రాసినప్పుడల్లా, కొట్టినవాళ్లు ఏదో పుణ్యకార్యం చేసినట్టు, తిన్నవాడి తప్పు అప్పటికే రుజువైపోయినట్టు పాఠకుడికి చెప్పినట్టే. పెద్దాయన ఆ మాటను తన పేజీల్లోకి రానిచ్చేవారు కాదు. ‘కొట్టారు’ అని దిద్దేవారు.

‘అతివేగం, నిర్లక్ష్యం’ అనే జంటమాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. ప్రమాదంలో మనిషి చనిపోతే పోలీసులు కేసు కట్టేది ఇదివరకు భారత శిక్షాస్మృతి 304ఏ కింద. రెండేళ్ల వరకు జైలు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106(1) కింద. ఐదేళ్ల వరకు జైలు. రెండు సెక్షన్లకూ ప్రాణం ఒక్కటే: దుడుకుతనంతోనో నిర్లక్ష్యంతోనో చేసిన పని వల్ల మరణం సంభవించడం. ఆ మాటలు లేకపోతే సెక్షన్ నిలవదు. అందుకే స్టేషన్లో రైటర్ ఫిర్యాదు రాసుకునేటప్పుడు ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అనే ముక్క చేర్చడం ఆనవాయితీ. ఫిర్యాదు చేసింది మృతుడి అన్నో బావమరిదో అయివుంటాడు, ప్రమాదం జరిగినప్పుడు అక్కడ లేనివాడు. అతని నోటి మాటగా సెక్షన్ భాష ఎఫ్ఐఆర్లోకి వస్తుంది. స్ట్రింగర్ స్టేషన్‌కు ఫోన్ చేసి ఎఫ్ఐఆర్ అడిగి రాసుకుంటాడు. తెల్లారేసరికి అది పేపర్లో కళ్లతో చూసిన నిజంలా కనిపిస్తుంది. పోలీసు చెప్పిందీ ఆ మాటే, పత్రిక రాసిందీ ఆ మాటే. రెండు చోట్ల కనబడింది కాబట్టి జనం నమ్ముతారు. నిజానికి రెండూ ఒకే మాట.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71.2 శాతానికి అతివేగమే కారణమని నివేదిక చెబుతోంది. వేగం చంపుతుందనడంలో అనుమానం లేదు. అయితే ఆ పట్టికలు నిండేది రాష్ట్రాల పోలీసులు పంపే వివరాలతోనే. రోడ్డు వంపు తప్పుగా కట్టారా, లైటు వెలగలేదా, ఆగివున్న లారీకి వెనక రిఫ్లెక్టర్ లేదా, డ్రైవర్ వరసగా ఎన్ని గంటలు నిద్రలేకుండా నడిపాడు అన్నవి కనుక్కోవడానికి కొలతలు కావాలి, ఇంజనీరు కావాలి, కాస్త ఓపిక కావాలి. అతివేగం అని రాయడానికి పెన్ను చాలు.

కోర్టులు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నాయి. కర్ణాటక ప్రభుత్వం, సతీష్‌ల మధ్య నడిచిన కేసులో 1998లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఒక ట్రక్కు బోల్తాపడి 15 మంది చనిపోయిన కేసు అది. కింది కోర్టులు డ్రైవర్‌ను దోషి అన్నాయి. సాక్షులు చెప్పిందల్లా ట్రక్కు ‘హైస్పీడు’లో ఉందని. ఎంత వేగం, ఆ రోడ్డు మీద అది ఎక్కువా తక్కువా అన్నది ఎవరూ చెప్పలేదు. వేగంగా వెళ్లడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాజాలదని సుప్రీంకోర్టు అంది. అంతకు పందొమ్మిదేళ్ల ముందు, 1979లో, సయ్యద్ అక్బర్ కేసులో ఒక చిన్నపిల్ల బస్సు కింద పడి చనిపోయింది. పిల్లను తప్పించబోయి డ్రైవర్ బస్సును పక్కకు తిప్పాడు. ప్రమాదం జరిగింది కాబట్టి తప్పు డ్రైవర్‌దే అయివుంటుందని అనేసుకోవడానికి క్రిమినల్ న్యాయంలో వీల్లేదని, నేరం రుజువు చేయాల్సిన భారం ఎప్పటికీ ప్రాసిక్యూషన్ మీదే ఉంటుందని ఆ తీర్పు చెప్పింది.

అరెస్టు సంగతి మరింత సూటిగా ఉంది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో మనిషిని యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, ఎందుకు అవసరమైందో పోలీసు అధికారి రాతపూర్వకంగా చూపాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఆ కేసు వరకట్న వేధింపుల మీద నడిచినా సూత్రం అన్నిటికీ వర్తిస్తుంది. ఇప్పుడు అదే పద్ధతి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో ఉంది. ముందు నోటీసు, పిలిస్తే వచ్చి సహకరిస్తుంటే అరెస్టు అక్కర్లేదు. పారిపోతాడనో, సాక్ష్యం చెరిపేస్తాడనో భయం ఉంటే అరెస్టు. చట్టం దృష్టిలో అరెస్టు దర్యాప్తుకు ఒక పనిముట్టు. టీవీ స్క్రోలింగ్‌లో అది తీర్పు అవుతుంది. అరెస్టు కాకపోతే ‘ఇంకా ఎందుకు చేయలేదు’ అనే ప్రశ్న. చేస్తే ముసుగేసిన మనిషి, ఇరుపక్కలా ఇద్దరు కానిస్టేబుళ్లు, వెనక బ్యానరు, ముందు మైకులు. ‘నేరం ఒప్పుకున్నాడు’ అనే శీర్షిక. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాట నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదని బ్రిటిషు కాలం నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. కొత్త సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ అదే చెబుతోంది. కోర్టు తలుపు దాటి లోపలికి పోలేని మాట పత్రిక మొదటి పేజీ మీద కూర్చుంటోంది.

వేలు చూపడం ఎంత తొందరగా జరుగుతుందో, అది ఎవరిని తాకుతుందో రైలు ప్రమాదాలు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ వేలు చూపేది జనం కూడా కాదు, పెద్ద అధికారులు.

2024 జూన్ 17 ఉదయం ఉత్తర బెంగాల్‌లో రంగపాని స్టేషన్ దాటాక కాంచనజంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనక నుంచి గూడ్సు రైలు ఢీకొట్టింది. పదిమంది చనిపోయారు. వారిలో గూడ్సు లోకో పైలట్ ఒకడు. కొద్ది గంటల్లోనే రైల్వే బోర్డు ఉన్నతాధికారి నోట మాట వచ్చింది: గూడ్సు డ్రైవర్ సిగ్నల్‌ను లెక్కచేయలేదు. అసిస్టెంట్ లోకో పైలట్ కూడా చనిపోయాడని మొదట చెప్పారు. అతను ఆస్పత్రిలో బతికే ఉన్నాడు. ఒక ప్రయాణికురాలి ఫిర్యాదు అంటూ లోకో పైలట్ల మీద ఎఫ్ఐఆర్ కట్టారు. తాను అసలు ఫిర్యాదే చేయలేదని ఆమె తర్వాత చెప్పింది. నెల తిరిగాక రైల్వే భద్రత కమిషనర్ నివేదిక వచ్చింది. ఆ ఉదయం నుంచి ఆ సెక్షన్‌లో ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయలేదు. ఎర్ర సిగ్నళ్లు దాటి వెళ్లవచ్చని స్టేషన్ నుంచే డ్రైవర్లకు కాగితం ఇచ్చారు. ఇవ్వాల్సిన ఫారం ఒకటి, ఇచ్చింది వేరొకటి. ఎంత వేగంతో వెళ్లాలో అందులో రాయలేదు. ఆ ఉదయం అదే దారిలో వెళ్లిన రైళ్లలో వేగం నిబంధన పాటించింది ఒక్క కాంచనజంగా మాత్రమే. తక్కిన డ్రైవర్లంతా గూడ్సు డ్రైవర్‌లాగే ఆ కాగితాన్ని అర్థం చేసుకున్నారు. ఎప్పుడో ఒకప్పుడు జరగడానికి కాచుకుని ఉన్న ప్రమాదమని కమిషనర్ రాశారు. చనిపోయిన మనిషి మీద నింద మొదటి పేజీలో వచ్చింది. ఆ నివేదిక వచ్చిన పేజీ ఎంతమంది చదివారు?

విజయనగరం జిల్లా కంటకాపల్లి సంగతి తెలుగువాళ్లకు మరింత దగ్గరిది. 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. వెనక రైలు నడిపిన లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ పోయారు. ఆ రోజు లక్నోలో భారత్, ఇంగ్లండ్ ప్రపంచకప్ మ్యాచ్ ఉంది. నాలుగు నెలల తర్వాత, 2024 మార్చిలో, కేంద్ర రైల్వే మంత్రి ఒక వార్తాసంస్థతో మాట్లాడుతూ ఆ ఇద్దరూ క్రికెట్ మ్యాచ్ మీద ధ్యాస పెట్టడం వల్లే ప్రమాదం జరిగిందన్నారు. దేశమంతా ఆ మాట పాకింది. ఆ తర్వాత కొన్ని నెలలకు భద్రత కమిషనర్ నివేదికలోని అంశాలు బయటికొచ్చాయి. ప్రమాద సమయంలో ఆ ఇద్దరి ఫోన్లలో డేటా వాడకం ఏమీ లేదు. పనిచేయని ఆటో సిగ్నళ్ల దగ్గర పాటించాల్సిన నిబంధన ఉల్లంఘన జరిగిందన్న అంశం అలాగే ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. కాని సిగ్నల్ నిబంధన తప్పిన డ్రైవర్ వేరు, వందలమంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని క్రికెట్ చూసిన డ్రైవర్ వేరు. ఆ తేడా వాళ్ల పిల్లలకు బడిలో తెలుస్తుంది, వాళ్ల భార్యలకు రైల్వే కాలనీ కుళాయి దగ్గర తెలుస్తుంది.

రైలు క్రికెట్ వల్ల ఢీకొందని నమ్మితే పరిష్కారం ఫోన్లు లాక్కోవడం. ఆటో సిగ్నల్ పాడైనప్పుడు ఏ కాగితం ఇవ్వాలి, ఎంత వేగం రాయాలి, ఎవరికి ఎంత శిక్షణ ఉండాలి అన్న ప్రశ్న పక్కకు పోతుంది. కంటకాపల్లి తర్వాత దాదాపు ఎనిమిది నెలలకు రంగపానిలో మళ్లీ పనిచేయని ఆటో సిగ్నళ్లే, మళ్లీ వెనక నుంచి ఢీకొన్న రైలే. తొందరపడి దోషిని తేల్చేస్తే అసలు కారణం తప్పించుకుని ఇంకో ఊళ్లో కాచుకుంటుంది.

డ్రైవర్ పరారీ అనే మాటకు మళ్లీ రావాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం ప్రమాదం చేసిన డ్రైవర్ గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడాలి. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. జనం ఆగ్రహం వల్ల అది సాధ్యం కాకపోతే తప్ప, అని. చట్టం రాసినవాళ్లకు కూడా తెలుసు, అక్కడ ఆగితే ఏమవుతుందో. న్యాయ సంహిత 106(2)లో ప్రమాదం చేసి పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల వరకు జైలు అని రాసినప్పుడు, 2024 జనవరి తొలివారంలో దేశవ్యాప్తంగా లారీ, ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు కట్టాయి. ఆ రోజు డ్రైవర్లు చెప్పిన మాట ఒక్కటే: ఆగితే జనం చంపుతారు, పోతే చట్టం చంపుతుంది. ఆ ఉపసెక్షన్ అమలును కేంద్రం పక్కన పెట్టింది. ఈ దేహశుద్ధి భయం లేకపోతే గాయపడ్డవాడికి చేయందించే డ్రైవర్లు ఇంకా ఎందరో ఉండేవారు. గాయపడ్డవాడి ప్రాణం నిలిచేది ఆ మొదటి గంటలోనే.

ఇంతవరకు విన్నవాళ్లలో ఒక తల్లో తండ్రో మనసులో అడిగే ప్రశ్న ఉంటుంది. డబ్బున్నవాడి కొడుకు తాగి కారు నడిపి పిల్లను చంపితే కూడా తీర్పు ఆపుకోమంటారా? పంజాగుట్టలో 2016 జూలై 1న తాగిన విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎగిరి అవతలి కారు మీద పడింది. ఒక చిన్నపాప, ఆమె ఇంటివాళ్లలో కొందరు చనిపోయారు. ఆ ఇంటికి ఓపిక పట్టమని చెప్పే అర్హత ఎవరికీ లేదు. దుఃఖానికి తీర్పు ఆపుకోవాల్సిన బాధ్యత లేదు. ఆ బాధ్యత కెమెరా పట్టుకున్నవాళ్లది, లాఠీ పట్టుకున్నవాళ్లది, కలం పట్టుకున్నవాళ్లది.

పుణె సంగతి ఈ ప్రశ్నను ఇంకా గట్టిగా అడుగుతుంది. 2024 మే 19 తెల్లవారుజామున కల్యాణి నగర్‌లో 17 ఏళ్ల కుర్రాడు నడిపిన పోర్షే కారు ఢీకొని ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చనిపోయారు. ఆ రోజే బాలల న్యాయ మండలి 300 పదాల వ్యాసం రాయమనే షరతు సహా బెయిలిచ్చింది. దేశం మండిపడింది. పత్రికలు వదిలిపెట్టలేదు. కుర్రాడి రక్త నమూనా ఆస్పత్రిలో మార్చేశారని దర్యాప్తులో బయటపడింది, డాక్టర్లు అరెస్టయ్యారు. నేరం మీద వేసుకొమ్మని ఇంటి డ్రైవర్‌ను నిర్బంధించారన్న ఆరోపణ మీద తాత అరెస్టయ్యాడు. పత్రికలు నోరు మూసుకుని ఉంటే ఆ నమూనా సంగతి అలాగే సమసిపోయి ఉండేది. అది పత్రికలు చేసిన మంచిపని. అదే వారంలో, బెయిల్ వచ్చిన సంబరంలో కుర్రాడు పాట పాడుతున్నాడంటూ ఒక వీడియో దేశమంతా తిరిగింది. అందులో ఉన్నది వేరే మనిషి. కొన్ని చానళ్లు దాన్ని నిజమని వేశాయి. ఆ జూన్ 25న కుర్రాణ్ణి అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంచడం చట్టవిరుద్ధమని బొంబాయి హైకోర్టు విడుదల చేయించింది. జనాగ్రహం వల్ల తీసుకున్న అడుగు కోర్టులో నిలవలేదు.

రక్త నమూనా ఎక్కడికి పోయిందని అడిగింది పత్రికే, ఆ వీడియో వేసిందీ మీడియానే. మొదటిది దర్యాప్తును కాపలా కాయడం. రెండోది దర్యాప్తును పక్కకు నెట్టి తానే తీర్పు చెప్పడం. ఢిల్లీలో 1999 జనవరి 10న ముగ్గురు పోలీసులతో సహా ఆరుగురి మీదికి బీఎండబ్ల్యూ ఎక్కిన కేసులో కాపలా ఎంత విలువైనదో తేలింది. 2007లో ఒక టీవీ చానల్ రహస్య కెమెరాతో డిఫెన్స్ న్యాయవాది, ప్రాసిక్యూటర్ ఒక కీలకసాక్షితో మంతనాలాడటం చూపించింది. దానివల్ల ప్రజాప్రయోజనం కలిగిందని 2009లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయితే ముంబయిలో 2002 సెప్టెంబర్ 28న బాంద్రా బేకరీ ముందు నిద్రపోతున్నవాళ్ల మీదికి కారెక్కి ఒకరు చనిపోయిన సల్మాన్ ఖాన్ కేసులో, 2015 మేలో సెషన్స్ కోర్టు ఐదేళ్ల జైలు వేసింది, అదే డిసెంబర్‌లో హైకోర్టు నేరం రుజువు కాలేదని విడుదల చేసింది. పదమూడేళ్లపాటు అభిమానులు అమాయకుడన్నారు, తక్కినవాళ్లు హంతకుడన్నారు. ఆ కేసులో ప్రధాన సాక్షి అయిన కానిస్టేబుల్ 2007లోనే చనిపోయాడు. ఆ సాక్షికి ఉద్యోగం పోయి, జబ్బుపడిన ఏళ్లలో అతని గురించి అడిగిన మైకులు ఎన్ని?

విమాన ప్రమాదాల్లోనూ ఇదే తొందర. అహ్మదాబాద్‌లో 2025 జూన్ 12న ఎయిరిండియా విమానం కూలి 260 మంది చనిపోయారు. నెల తిరిగాక వచ్చిన ప్రాథమిక నివేదికలో రెండు ఇంధన స్విచ్‌లు సెకను తేడాతో ఆగిపోయే స్థితికి మారాయని ఉంది. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగాడు, తాను ఆపలేదని రెండోవాడు అన్నాడు. ఎవరు ఏ మాటన్నారో నివేదిక చెప్పలేదు. అంతలోనే విదేశీ పత్రికల్లో కెప్టెన్ పేరు నలిగింది. పౌరవిమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు తుది నివేదిక వచ్చేదాకా తొందరపడి నిర్ణయాలకు రావద్దని కోరారు. ఆ నవంబర్ 7న సుప్రీంకోర్టులో 91 ఏళ్ల కెప్టెన్ తండ్రికి ధర్మాసనం ధైర్యం చెప్పింది, మీ కొడుకును ఎవరూ నిందించడం లేదని, ఆ భారం మోయవద్దని. విమాన ప్రమాదాల దర్యాప్తుకు అంతర్జాతీయ నియమం ఒకటుంది. దర్యాప్తు లక్ష్యం మళ్లీ అలాంటి ప్రమాదం జరగకుండా చూడటమే, తప్పు ఎవరిదో తేల్చడం కాదు. ఆకాశంలో ఉన్న ఆ పద్ధతి చేవెళ్ల రోడ్డు మీద లేదు.

చేవెళ్ల దగ్గర 2025 నవంబర్ 3 ఉదయం కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. టిప్పర్ డ్రైవర్, బస్సు డ్రైవర్ ఇద్దరూ పోయారు. అరెస్టు చేయడానికి ఎవరూ మిగల్లేదు. అప్పుడు చర్చ తనంతట తానే రోడ్డు వైపు తిరిగింది. గుంతలు, ఏళ్ల తరబడి ఆగిన విస్తరణ, డివైడర్ లేకపోవడం, పరదా లేని కంకర. డ్రైవర్ బతికి దొరికివుంటే ఆ గుంతల గురించి అంత మాట్లాడేవాళ్లా? గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీది నుంచి 2019 నవంబర్ 23న కారు పడి కింద ఒక మహిళ చనిపోయినప్పుడు కారు గంటకు 105 కిలోమీటర్ల వేగంతో ఉందని పోలీసులు చెప్పారు. పరిమితి 40. తప్పు డ్రైవర్‌దే అనడానికి ఆ రెండు అంకెలు చాలు. అయినా వంతెన మూసి నిపుణులతో చూపించారు. వేగ నిరోధకాలు పెట్టి, రక్షణ ఏర్పాట్లు పెంచి 2020 జనవరిలో తెరిచారు. డ్రైవర్ మీద కేసు ఒకవైపు, వంతెన మీద ప్రశ్న మరోవైపు, రెండూ కలిసి నడవడానికి అడ్డేమీ లేదని ఆ సందర్భం చూపింది.

మెదక్ జిల్లా మాసాయిపేట గుర్తులేని తెలంగాణ మనిషి లేడు. 2014 జూలై 24న స్కూలు బస్సును రైలు ఢీకొట్టి పసిపిల్లలు చనిపోయారు. బస్సు డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడా లేదా అన్న చర్చ రోజుల తరబడి నడిచింది. అక్కడ గేటు లేదు. గేటు ఉంటే ఆ ప్రశ్నే పుట్టదు. దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేని క్రాసింగులన్నీ తీసేసింది 2019 జనవరి నాటికి. ఆ పసిపిల్లలు పోయిన నాలుగున్నరేళ్లకు.

పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో ఒక మాన్యువల్ తయారు చేయాలని 2023 సెప్టెంబర్ 13న సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖను ఆదేశించింది. పక్షపాతపు బ్రీఫింగుల వల్ల మీడియా విచారణలకు దారి ఏర్పడుతోందని, బాధితుల హక్కులూ నిందితుడి హక్కులూ రెండూ దెబ్బతింటున్నాయని ధర్మాసనం అంది. కోర్టు చెప్పేదాకా ఆగాల్సిన పనిలేని ఏర్పాట్లు కొన్ని డెస్కులోనే ఉన్నాయి. ఎఫ్ఐఆర్లోని మాటను ‘పోలీసులు నమోదు చేసిన ప్రకారం’ అని రాయడానికి నాలుగు పదాలు అదనంగా పడతాయి. దోషి అనే మాట తీర్పు దాకా దాచుకుని నిందితుడు అని రాయడానికి అదనంగా ఏమీ పట్టదు. మొదటిరోజు వార్తలో తెలిసినవి ఏమిటి, ఇంకా తేలనివి ఏమిటి అని రెండు పేరాలు విడిగా రాయవచ్చు. ముసుగు మనిషి ఫొటో స్థానంలో రోడ్డు ఫొటో వేయవచ్చు. రోడ్డు తప్పు వల్ల ప్రాణం పోతే కాంట్రాక్టర్‌కూ ఆ రోడ్డు బాధ్యత చూసే సంస్థకూ జరిమానా వేసే 198ఏ సెక్షన్ 2019 నుంచి మోటారు వాహనాల చట్టంలో ఉంది. దాని గురించి సీఐని ఒక్కసారి అడగవచ్చు.

ఇక కేసు ఏమైందో కనుక్కోవడం. పెద్దాయన రోజుల్లో దానికి జిల్లా కోర్టుకు వెళ్లి బెంచ్ క్లర్కును బతిమాలాల్సి వచ్చేది. ఇప్పుడు ఈ-కోర్ట్స్‌లో కేసు నంబరో ఎఫ్ఐఆర్ నంబరో కొడితే వాయిదా ఎప్పుడో, తీర్పు ఏమిటో ఫోన్లోనే కనబడుతుంది. ప్రమాదం జరిగిన రోజు మూడు కాలమ్‌లు పట్టిన వార్తకు, తీర్పు వచ్చిన రోజు అదే పేజీలో ఒక్క కాలమ్ ఇస్తే చాలు. డ్రైవర్‌కు శిక్ష పడితే బాధితులకు అది తెలియాలి. కొట్టేస్తే డ్రైవర్ ఊరికి అది తెలియాలి.

ఆ లెడ్జరు ఇప్పుడు కుటుంబం దగ్గర భద్రంగా ఉంది. ఆఖరి నమోదు ఆయన రిటైరవడానికి నెల ముందుది. ఎడమ పేజీలో తేదీ, ఊరు, మృతులు ముగ్గురు, ‘లారీ డ్రైవర్ నిర్లక్ష్యం’ అని శీర్షిక. ‘నిర్లక్ష్యం’ చుట్టూ ఎర్రసిరాతో ఒక గీత చుట్టారు. కుడి పేజీలో కోర్టు పేరు, కేసు నంబరు పెన్సిల్‌తో రాసుకున్నారు. కింద నాలుగు గీతలు కొట్టి ఖాళీ వదిలారు, తెలిశాక రాద్దామని. ఆ కోర్టు జిల్లా కేంద్రంలో బస్టాండ్‌కు నడిచేంత దూరంలో ఉంది. ఈ సభకు ఆ జిల్లాలో పనిచేస్తున్న విలేకరులు వచ్చారు. వాళ్లలో ఎవరైనా ఈ వారంలోనే వెళ్లి ఆ కేసు ఏమైందో కనుక్కుని, ఆ నాలుగు గీతల మీద రాయించాలని ఈ సభ తరఫున మనవి.